మెట్రోకు ఐదు నిమిషాలే... ఏ గేటు నుంచి?

గౌరవనీయులైన సంపాదకులకు,

ఇళ్ల అద్దె ప్రకటనల్లో ఇప్పుడు రెండు మాటలు జంటగా కనిపిస్తున్నాయి: ‘గేటెడ్ కమ్యూనిటీ’, ‘అన్నీ నడిచి వెళ్లే దూరంలో’. చదవడానికి బాగానే ఉంటుంది. ఆచరణలో ఒకదానికొకటి అడ్డం పడతాయి. గేటెడ్ అంటే చుట్టూ ప్రహరీ, రాకపోకలకు ఒకే దారి. నడిచే పేట అంటే ఎటు కావాలంటే అటు సందులోంచి బయటపడగలగడం. రెండూ కుదిరిన ఇళ్లు హైదరాబాద్‌లో లేకపోలేదు. కుదరని చోట కూడా కుదిరినట్టు చెప్పి అద్దె గుంజుతున్నారు కనుక, ఇల్లు చూడబోయేవారు ఏం కొలవాలో, డబ్బు ఎక్కడ కారిపోతుందో రాస్తున్నాను.

కేపీహెచ్‌బీ కాలనీనే తీసుకోండి. హౌసింగ్ బోర్డు ఫేజులవారీగా వేసిన కాలనీ. ఏ వీధిలో దిగినా కిరాణా కొట్టు, మందుల షాపు, టిఫిన్ సెంటరు, కర్రీ పాయింటు, టైలరు, జిరాక్సు. పక్కనే జాతీయ రహదారి మీద కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ కాలనీ, జేఎన్‌టీయూ కాలేజ్ మెట్రో స్టేషన్లు వరుసగా ఉన్నాయి. 2017 నవంబరులో మియాపూర్–అమీర్‌పేట మార్గం మొదలయ్యాక కారు లేకుండా సంసారం నడిపేందుకు ఇంత వీలైన చోట్లు నగరంలో కొన్నే ఉన్నాయి: నారాయణగూడ, చిక్కడపల్లి, హిమాయత్‌నగర్, ఎస్సార్‌నగర్ లాంటివి. విశాఖలో అయితే ఎంవీపీ కాలనీ. చిక్కు ఏమిటంటే, పెద్ద గేటెడ్ సముదాయానికి ఎకరాలకు ఎకరాలు కావాలి. అంత స్థలం పేట నడిబొడ్డున దొరకదు, అంచున దొరుకుతుంది. అందుకే గేటెడ్ టవర్లు చాలావరకు పాత కాలనీకి వీపు పెట్టి, కార్లు తిరిగే వెడల్పు రోడ్డు వైపు ముఖం పెట్టుకుని ఉంటాయి. కూరగాయల బండి మన బాల్కనీలోంచి కనబడుతూనే ఉంటుంది, దాని దగ్గరికి వెళ్లాలంటే మాత్రం కిలోమీటరు.

ప్రకటనలో ‘మెట్రోకు 500 మీటర్లు’ అన్నది చాలాసార్లు మ్యాపు మీద ప్రహరీ నుంచి స్టేషన్‌కు గీసిన గీత. మనిషి గోడ దూకి వెళ్లడు కదా. మామూలు నడకకు నిమిషానికి 80 మీటర్లు లెక్క వేసుకోండి. ఫ్లాటు తలుపు నుంచి లిఫ్టు, లిఫ్టు దిగి టవర్ గుమ్మం, అక్కణ్నుంచి లోపలి రోడ్డు మీద ప్రధాన గేటు. పది ఎకరాల సముదాయంలో చివరి టవర్‌కు ఇదే 300 నుంచి 400 మీటర్లు అవుతుంది. అంటే గేటు దాటకముందే నాలుగైదు నిమిషాలు పోయాయి. ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య రెండు లిఫ్టుల్లో ఒకటి మొరాయిస్తే మరికొంత. గేటు మెట్రోకు ఎదురు దిక్కున ఉంటే ప్రహరీ మొత్తం చుట్టి రావాలి. అలా చుట్టి 500 మీటర్లు 1,300 మీటర్లయిందంటే పావుగంట పైమాటే.

ఫోనులోని మ్యాపుని కూడా గుడ్డిగా నమ్మవద్దు. సముదాయం పేరు కొడితే దాని మధ్యలో పిన్ను పడుతుంది, అక్కణ్నుంచి దారి చూపిస్తుంది. మూసి ఉంచిన వెనక గేటులోంచి కూడా దారి చూపించే సందర్భాలున్నాయి, దానికి తాళం సంగతి తెలియదు. తెరిచి ఉండే గేటు మీద మీరే పిన్ను పెట్టి, నడక దారి ఎంచుకుని చూడండి. తర్వాత ఫ్లాటు తలుపు దగ్గర గడియారం చూసుకుని స్టేషన్ దాకా నడవండి. ఆదివారం పదకొండింటికి కాదు, పనిదినం ఉదయం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. వీలైతే వాన వెలిసిన సాయంత్రం.

అడగాల్సిన ప్రశ్నలు మూడు. కాలినడకన వెళ్లేవారికి ఏయే గేట్లు తెరుస్తారు? ఏ వేళ నుంచి ఏ వేళ వరకు? అద్దెకున్నవారికి కూడా దాని కార్డు ఇస్తారా, లేక ఓనర్లకేనా? ఇవి బ్రోకర్‌ని అడిగితే ‘అన్నీ ఉంటాయి సార్’ అంటాడు. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషిని అడగండి. ఇంకా మంచిది, పొద్దున్నే ఇళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లను అడగండి. కారు లేకుండా రోజూ ఆ గేటు దాటేది ముఖ్యంగా వాళ్లే. బస్సు దిగి ఎంతసేపు నడుస్తారో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ సందులో కుక్కలు వెంటపడతాయో వాళ్లకు తెలిసినంతగా అసోసియేషన్ కార్యదర్శికి కూడా తెలియదు.

వెనక గేటు ఎందుకు మూస్తారు? భద్రత అంటారు గానీ అసలు సంగతి ఖర్చు. ఒక గేటుకు ఇరవై నాలుగు గంటలూ మనిషి కావాలంటే పన్నెండు గంటల షిఫ్టులు రెండు. ఏజెన్సీకి ఒక్కో గార్డుకు నెలకు రూ. 20 వేలు అనుకుంటే రూ. 40 వేలు. 300 ఫ్లాట్లు పంచుకుంటే ఫ్లాటుకు రూ. 133, అదే 60 ఫ్లాట్లయితే రూ. 667. చిన్న సముదాయం వెనకాడిందంటే అర్థం ఉంది. మూడొందల ఫ్లాట్ల సముదాయం నెలకు ఒక బిర్యానీ పొట్లం ఖర్చుకు వెనకాడి, అందరినీ రోజూ కిలోమీటరు చుట్టూ తిప్పడంలో అర్థం లేదు. రాత్రంతా తెరవక్కర్లేదు కూడా. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా, ఒక మనిషి మాత్రమే పట్టే చిన్న గేటు, కార్డు గీస్తే తిరిగే అడ్డు, ఒక కెమెరా ఉంటే సరిపోతుంది. బండ్లకు దారి ఇవ్వకపోతే దొంగతనాల భయం సగం తగ్గినట్టే. అసోసియేషన్లు ఈ తీర్మానం సర్వసభ్య సమావేశంలో పెట్టాలి. అద్దెవారికి అక్కడ సాధారణంగా ఓటు ఉండదు. కానీ మెయింటెనెన్స్ చాలాచోట్ల కట్టేది వారే కాబట్టి, ఫ్లాటు ఓనరు చేత అజెండాలో పెట్టించమని అడిగే హక్కు నైతికంగా వారికుంది.

గేటు దాటాక ఫుట్‌పాత్. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాల్లో అడ్డూ ఆపూ లేని నడక దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మన వీధుల్లో ఉన్నవాటి మీద ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దాని చుట్టూ కంచె, బైకులు, టిఫిన్ బండి, పగిలిన డ్రైనేజీ మూత. ఈ మధ్యలో మిగిలింది ఎంతో టేపు పెట్టి చూస్తే తెలుస్తుంది. టిఫిన్ బండిని నేను తప్పుపట్టను, రాత్రి తొమ్మిదింటికి వీధిలో నలుగురు మనుషులు, కాస్త వెలుతురు ఉండటానికి కారణం అదే. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ మినహాయింపు లేదు. పిల్లల బండి తోసుకుంటూ గేటు నుంచి మొదటి కిరాణా కొట్టు దాకా రోడ్డు మీదకు దిగకుండా వెళ్లగలరా అన్నది సరైన పరీక్ష. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇదే మొదట చూడాలి.

స్టేషన్ రహదారికి అవతల ఉంటే దాటే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. మెట్రో స్టేషన్ల మెట్లు రోడ్డుకు రెండు వైపులా ఉంటాయి. పై అంతస్తులో టికెట్ గేట్ల ఇవతలి భాగంలోంచి అటూ ఇటూ దాటవచ్చు. స్టేషన్ మూసేశాక ఆ దారి ఉండదు. రాత్రి షిఫ్టు వాళ్లు ఇది మరచిపోతారు.

నడిచే పేటకు ఉన్న ఒకే పెద్ద ఖరీదు చప్పుడు. ఫంక్షన్ హాలు, గుడి మైకు, రోడ్డు మలుపులో హారన్లు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, పెళ్లి ఊరేగింపులకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పడకగది రోడ్డు వైపు ఉన్న ఫ్లాటు కంటే లోపలి వైపు ఉన్నది నెలకు వెయ్యి ఎక్కువైనా మేలు.

ఇక నీళ్లు. ఇక్కడ ఎక్కువమంది మోసపోతారు, ఎందుకంటే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది అసలు ప్రశ్న. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన దేశంలో వాడే ప్రమాణం. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు, వంద ఫ్లాట్లకు 54 వేలు. ఇందులో జలమండలి సరఫరా 20 వేలు, బోర్లు 14 వేలు ఇస్తున్నాయనుకుంటే మిగిలిన 20 వేలకు రోజూ 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు కావాలి. ఏప్రిల్‌లో బోర్లు ఎండితే అవి ఏడవుతాయి. ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిసే ఉందా, లేక వేసవిలో ‘ట్యాంకర్ చార్జీలు’ అని విడిగా వస్తుందా? మార్చి నుంచి జూన్ వరకు పోయిన ఏడాది బిల్లులు నాలుగూ చూపించమనండి. అవి చూపించడానికి ఓనరు నసిగితే జవాబు దొరికినట్టే.

గృహాలకు నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైంది. నలుగురి ఇంటికి నెలకు 16,200 లీటర్లు చాలు గనుక లెక్క ప్రకారం బిల్లే రాకూడదు. కానీ అపార్ట్‌మెంటుకు ఉండేది ఉమ్మడి కనెక్షన్. మీటరు పనిచేస్తూ ఉండాలి, ఒక్కో ఫ్లాటు వివరాలు ఆ కనెక్షన్‌కు అనుసంధానం అయి ఉండాలి. పది ఫ్లాట్ల ఓనర్లు ఆ పని చేయకపోతే ఆ పది ఫ్లాట్ల వాటా బిల్లులోకి వస్తుంది, అది వంద మంది మీదా పడుతుంది.

నీటి నాణ్యత గురించి ఒక ముక్క. పెన్ను లాంటి టీడీఎస్ మీటరు చూపించేది నీటిలో కరిగిన మొత్తం లవణాలను, కాఠిన్యాన్ని కాదు. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల టీడీఎస్, వేరే నీరు దొరకని చోట 2,000 దాకా. కాఠిన్యానికి ఆ అంకెలు 200, 600. బోరు నీరు కాఠిన్యం ఎక్కువైతే గీజరు కాయిల్ మీద సున్నం పేరుకుంటుంది, షవర్ రంధ్రాలు పూడుకుంటాయి, వాషింగ్ మెషిన్ వాల్వు పాడవుతుంది. కుళాయి మూతి దగ్గర, బాత్రూమ్ గాజు మీద తెల్లటి పొర ఉందేమో చూడండి. అసోసియేషన్‌కు నీటిని మెత్తబరిచే ప్లాంటు ఉంటే ఉప్పు ఎన్నాళ్లకోసారి వేస్తున్నారో అడగండి. ప్లాంటు ఉండటం వేరు, అది పనిచేయడానికి కావాల్సిన ఉప్పు వేయడం వేరు. వంటింట్లో విడిగా జలమండలి కుళాయి, అంటే మనవాళ్లు ఇప్పటికీ మంజీరా నీళ్లనేవి, వస్తుంటే అది ఏ రోజుల్లో, ఎంతసేపు వస్తుందో తెలుసుకోవాలి.

కరెంటులో చూడాల్సింది జనరేటర్. ‘ఫుల్ బ్యాకప్’ అన్న చోట మీటరు రెండు లెక్కలు చూపుతుంది, ఒకటి మామూలు కరెంటుకు, రెండోది జనరేటర్‌కు. డీజిల్ లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. లీటరు రూ. 95 అనుకున్నా యూనిట్‌కు ఇంధనమే రూ. 27 నుంచి 32. గృహ వినియోగానికి డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) వేసే అన్నిటికన్నా పై శ్లాబు కూడా పది రూపాయల దగ్గరే ఉంటుంది. కరెంటు పోయిన గంటలో ఏసీ, గీజరు రెండూ వేస్తే గంటకు మూడున్నర యూనిట్లు, అంటే వంద రూపాయలు. కొన్నిచోట్ల ఫ్లాటుకు ఒక కిలోవాట్ వరకే ఇస్తారు, అక్కడ ఇండక్షన్ స్టవ్ పెట్టగానే ట్రిప్ అవుతుంది. దిగే రోజున రెండు రీడింగులూ ఫొటో తీసుకోండి. పాత బకాయి ఉందేమో సర్వీసు నంబరుతో డిస్కం యాప్‌లో చూడండి. బకాయి పాత అద్దెదారుది అయినా ఫ్యూజు పీకేది ఇప్పుడున్నవారి ఇంటికే.

గ్యాస్ బ్యాంకు, అంటే ఒకేచోటి నుంచి పైపుల్లో ఇళ్లకు గ్యాసు ఇచ్చే ఏర్పాటు, ఉన్న సముదాయాల్లో సిలిండర్లు లోపలికి రానివ్వరు. మీ కనెక్షన్ పక్కన పెట్టి, మీటరు ప్రకారం గ్యాసుకు వారు వేసిన ధర కట్టాలి. ముందే ధర అడగండి.

మెయింటెనెన్స్ లెక్క సూపర్ బిల్టప్ ఏరియా మీద, అంటే మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి స్థలాల్లో వాటా కూడా కలిపిన విస్తీర్ణం మీద వేస్తారు. 1,500 చదరపు అడుగులకు అడుగుకు రూ. 3.50 చొప్పున రూ. 5,250. ఆ 1,500లో నాలుగు గోడల మధ్య వాడుకునేది 1,050 నుంచి 1,125 మధ్యే ఉంటుంది. మంచం, బీరువా పట్టేది అందులోనే. ఈత కొలను, జిమ్ వాడినా వాడకపోయినా మెయింటెనెన్స్ మారదు. బయట పార్కు, జిమ్ నడక దూరంలో ఉన్న పేటలో వాటికి రెండోసారి డబ్బు కడుతున్నట్టే. నిజానికి ఇద్దరే ఉండే కుటుంబానికి, గేటెడ్ సముదాయం కంటే నారాయణగూడ వైపు పదిహేను ఫ్లాట్ల మామూలు అపార్ట్‌మెంటు, ఒక వాచ్‌మన్ కుటుంబం, వీధిలోకి నేరుగా తెరుచుకునే గేటు ఉన్న ఇల్లే మేలని నా అభిప్రాయం. పిల్లలు సాయంత్రాలు కార్ల భయం లేకుండా ఆడుకోవాలంటే మాత్రం గేటెడ్‌కు సాటి లేదు.

అగ్రిమెంటు సంగతి. పదకొండు నెలలకు రాసేది ఎందుకంటే, ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. అడ్వాన్స్ హైదరాబాద్‌లో రెండు నెలలు ఆనవాయితీ. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా ఇళ్లకు రెండు నెలలే గరిష్ఠమంది, అయితే అది రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. మూడు నెలలకు మించి అడిగితే బేరమాడండి. కాగితంలో ఈ సంగతులు పేరుపేరునా ఉండాలి: అద్దె విడిగా, మెయింటెనెన్స్ విడిగా, మెయింటెనెన్స్ పెరిగితే ఎవరు భరించాలో, ట్యాంకర్, జనరేటర్ చార్జీలు ఎవరివో, పార్కింగ్ స్లాట్ నంబరు, గేటు కార్డులు ఎన్నో, క్లబ్ హౌస్ అద్దెవారికి ఉందో లేదో, ఏటా పెంపు శాతం, ఎన్నాళ్లు లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని గడువు), నోటీసు ఎన్నాళ్లు. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకు ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు చాలు, ఇద్దరికీ అది ఇరుకే.

మన గేటెడ్ ఫ్లాట్లలో చాలా వాటి ఓనర్లు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటారు. ఇక్కడ తండ్రి గారో బావమరిది గారో తాళాలిస్తారు. వారికి పవర్ ఆఫ్ అటార్నీ ఉందా చూసి ప్రతి తీసుకోండి. ఓనరు దేశంలోనే ఉంటే అద్దె నెలకు రూ. 50 వేలు దాటినప్పుడే అద్దెదారు అద్దెలోంచి టీడీఎస్ (నీళ్ల టీడీఎస్ కాదు, ముందే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టాలి, 2024 అక్టోబరు 1 నుంచి అది 2 శాతం. ఓనరు ప్రవాసుడైతే ఆ రూ. 50 వేల మినహాయింపు లేదు. మామూలుగా సెస్సుతో కలిపి 31.2 శాతం పట్టి కట్టాలి, అందుకు టాన్ నంబరు (పన్ను పట్టి కట్టేవారికి ఇచ్చేది) తీసుకోవాలి. తక్కువ రేటుకే పట్టమని ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ధ్రువపత్రం ఓనరు తెచ్చుకుంటే వేరే. ఇది ఎవరూ చెప్పరు. తెలిసే నాటికి పట్టని పన్ను, వడ్డీ అద్దెదారు నెత్తిన ఉంటాయి.

ఇల్లు చూడకముందే ‘గేట్ పాస్ కోసం’ అని డబ్బు పంపమనేవారు, తాను సైన్యంలో ఉన్నానని, బదిలీ అయిందని చెప్పి ఫోనులోనే అడ్వాన్స్ అడిగేవారు మోసగాళ్లే. సందర్శకుడి దగ్గర గేటు డబ్బు తీసుకోదు. కరెంటు బిల్లు మీద పేరు, ఆస్తి పన్ను రసీదు మీద పేరు, అగ్రిమెంటులో పేరు ఒకటేనా చూడటానికి పది నిమిషాలు పట్టదు.

ఖాళీ చేసేటప్పుడు గొడవంతా పెయింటింగ్ దగ్గర. చట్టం ప్రకారం వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. అయినా నెల అద్దె పెయింటింగ్‌కు పట్టుకోవడం ఇక్కడ వాడుకైపోయింది. పట్టుకునేది ఎంతో అంకెలో ముందే రాయించండి, ఏడాది లోపే ఖాళీ చేస్తే సగమని కూడా. దిగిన రోజు గోడలు, కుళాయిలు, చిమ్నీ, గీజర్లు వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపితే తేదీతో సహా నిలిచి ఉంటుంది. వెళ్లే ముందు అసోసియేషన్ ఆఫీసులో బకాయిలు లేవన్న కాగితం తీసుకోవాలి. అది లేకుండా సామాన్ల లారీని గేటు దాటనివ్వరు, లిఫ్టు వాడకానికి కట్టిన డిపాజిట్ కూడా ఆ కాగితంతోనే వెనక్కి వస్తుంది. ఆదివారం ఆఫీసు ఉండదు, మనం ఇళ్లు మారేదేమో ఆదివారాలే. శుక్రవారం నాటికే సంతకం పెట్టించుకుని, గేటు యాప్‌లో లారీ నంబరు నమోదు చేయించుకోండి.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం మాజీ కార్యదర్శి,
కూకట్‌పల్లి, హైదరాబాద్